దానమ్మ సీలేసిన కవర్లు

పొద్దుగాల నల్లా రాకముందే దానమ్మ చీపురు పట్టుకొని తలుపు తీస్తది. బస్తీల ఆడోళ్లందరు గట్లనే తీస్తరు గానీ, వాళ్లు ఊడ్చేది దుమ్ము, ఆకులు. దానమ్మ ఊడ్చేది కవర్లు. రాత్రంత నడిచొచ్చి, గడప ముందు మూతులు తెరుసుకొని పడి ఉంటయి. పాలకూర పప్పు కవర్లు, రాజ్మా కవర్లు, సాంబారు కవర్లు. బయట రంగు బొమ్మ, లోపట వెండి మెరుపు, అడుగున ఇంత ఎండిపోయిన నూనె. ఎవరో తిన్నరు, చింపి పారేసిన్రు. అవి సక్కగ వాటిని సీలేసిన మనిషి ఇంటికి వచ్చినయి, గంతే.

దీంట్ల వింత ఏం లేదు. నాచారంల ఆ కంపెనీ పెట్టిన కాన్నుంచి ఇదే రివాజు. సీలు మిషన్ మీద ఎవరు కూసుంటే వాళ్ల ఇంటికి కవర్లు వస్తయి. దానమ్మకు ముందు ఆ మిషన్ మీద శారదమ్మ ఉండె. కండ్లు మసకబారి ఆమె పని మానేసి జనగామ దిక్కు తన ఊరికి పోతే, కవర్లు వరంగల్ రోడ్డు పట్టుకున్నయి. లారీల కింద పడుకుంట లేసుకుంట, ఘట్‌కేసర్ దాటి, ఆమె యెంటనే పోయినయి. మనిషి యాడుంటే ఆడికే. ఇగ ఏ కవర్ ఎవరిదన్న అనుమానం గూడ ఉండదు. దానమ్మ మిషన్ దవడకు చిన్న గంటు ఉన్నది. ఆమె వేసిన ప్రతి సీలు మూలకు జొన్నగింజంత చుక్క పడ్తది.

పని అల్కటిదేం గాదు. పప్పు నింపిన కవర్ మూతిని గుడ్డతోని తుడువాలె, ముడత పడకుండ మిషన్ దవడల నడుమ పెట్టాలె, కాలుతోని తొక్కాలె. పప్పు బద్ద ఒక్కటి ఇరికినా సీలు పట్టదు, రెండు దినాలకే కవర్ కడుపుబ్బి కూసుంటది. దానమ్మ చేతుల గట్ల ఉబ్బిన కవర్ లేదు. "దానమ్మ సీలేస్తే యముడు గూడ ఇప్పలేడు" అని సూపర్‌వైజర్ మహిపాల్ నలుగురి ముంగట అన్నడు ఒకపారి. ఆ మాటకు దానమ్మ ఎన్నో రోజులు మురిసింది. ఇప్పుడు గదే మాట యాదికొస్తే పండ్లు కొరుకుతది.

తిండి మాత్రం మంచి తిండే, అబద్ధం ఎందుకాడాలె. ఏడాది దాంక చెడిపోదు. పొయ్యి ముట్టించే పని లేదు, కూరగాయలు కోసే పని లేదు. దానమ్మ మొగడు జోసఫ్‌కు ఆ కవర్లే దిక్కు. హమాలీ పని చేసెటప్పుడు గోదాముల డ్రమ్ము జారి నడుము మీద పడ్డది, అప్పటి సంది మంచం మీదనే. దానమ్మ డ్యూటీకి పోయినంక మధ్యాహ్నం చెయ్యి సాపి ఒక కవర్ అందుకుంటడు. బొమ్మ వంకర పడ్డ కవర్లను కంపెనీ పనోళ్లకే ఇస్తది, గవి. పండ్లతోని చింపి, అన్నం మీద పిండుకొని తింటడు. జోసఫ్ తిన్న కవర్ మాత్రం ఎటూ కదలది, మంచం కిందనే ఉంటది. "దానికి నడిచే బాధ తప్పింది, నా లెక్కనే" అని నవ్వుతడు.

వచ్చిన కవర్లను ఏం జెయ్యాలె? చౌరస్తా కాడ ఉమాపతిది పాత సామాన్ల దుకాణం. దానమ్మ గోనె సంచి నిండ నింపుకొని, నెత్తి మీద పెట్టుకొని పోయింది. ఉమాపతి ఒక కవర్ తీసి ఎండకు పట్టి సూసిండు.

"అక్కా, పాల కవర్ తే, తీసుకుంట. నూనె డబ్బా తే, తీసుకుంట. ఇగో, గివి మాత్రం నాతోని గాదు."

"ఏమైంది? ఇది ప్లాస్టికే గద?"

"బయట ప్లాస్టిక్, నడుమ సిల్వర్, లోపట మల్ల ప్లాస్టిక్. మూడింటికి కలిపి లగ్గం జేసిన్రు, ఇడాకులు ఇప్పిచ్చెటోడు లేడు. కరిగిద్దమంటే సిల్వర్ అడ్డమొస్తది. సిల్వర్ తీద్దమంటే ప్లాస్టిక్ ఇడ్వది. కరిగిచ్చే బట్టీ కాడికి ఒకపారి తీస్కపోతే బట్టీ ఆయన నా మొఖం మీదనే ఇసిరికొట్టిండు."

"ఊకెనే తీసుకో తమ్మీ. నాకేం ఇయ్యకు."

"నేను తీసుకుంటే ఏందక్కా, తెల్లారేసరికి నీ ఇంటికే వస్తయి గద" అన్నడు ఉమాపతి. అదీ నిజమే. ఆమె సంచి మల్ల నెత్తికెత్తుకుంది.

కాలవెట్టి సూసింది. నల్లటి పొగ లేసి జోసఫ్‌కు రాత్రంత దగ్గు. సగం కాలిన కవర్లు కుంటుకుంట మల్ల గడపకే వచ్చినయి. కవర్లతోని చాపలు కుట్టి ఇరుగుపొరుగోళ్లకు పంచిపెట్టింది. తెల్లారి సూస్తే చాపలన్నీ చుట్ట చుట్టుకొని ఆమె వాకిట్ల నిలబడి ఉన్నయి. ఒకరిద్దరైతే నిద్రల చాప మీదికెళ్లి దొర్లిపడి, నడుము పట్టుకొని వచ్చి తిట్టి పోయిన్రు. ఆఖరికి ఒకనాడు ధైర్యం జేసి మహిపాల్‌ను అడిగింది.

"సారూ, ఈ ఖాళీ కవర్లను కంపెనీ ఏమన్న జెయ్యొచ్చు గద. ఇంటి ముంగట గుట్టలైతున్నయి."

"దానమ్మా, మాల్ గేటు దాటినంక అది కంపెనీది గాదు. కొన్నోళ్లది."

"కొన్నోళ్లు పారేసిన్రు గద సారూ."

"పారేసినంక ఎవరిదీ గాదు."

"ఎవరిదీ గాకపోతే నా ఇంటికెందుకు వస్తున్నయి?"

మహిపాల్ గడియారం సూసుకొని, "లైన్ ఆగుతుంది, పో" అన్నడు.

పని మానేద్దమా అంటే జోసఫ్ మందులు యాడికెళ్లి వస్తయి? మానేసినా ఇప్పటిదాంక దుకాణాలల్ల ఉన్నవన్నీ ఏడాది పొడుగూత వచ్చుడే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. దానికి తోడు ఆ యేడు తెలంగాణ కోసం బందుల మీద బందులు. హోటళ్లు మూతపడితే హబ్సిగూడ హాస్టళ్ల పిల్లలు కవర్లు కొని దాచిపెట్టుకునేది. బందుకు పిలుపిచ్చిన్రంటే కంపెనీల ఓవర్‌టైం, వారం తిరిగేసరికి దానమ్మ వాకిట్ల గుట్ట. తెలంగాణ రావాలె ప్రభువా, కవర్లు రావొద్దు అని ప్రార్థన చేసుకునేది దానమ్మ. రెండూ రాసిపెట్టి ఉన్నట్టు ఆమెకు ఎవరు జెప్పాలె.

ఇంటి ఓనర్ లక్ష్మీనర్సమ్మ చెడ్డ మనిషేం గాదు. నోరు పెద్దది, అంతే. అదే వాకిట్ల ఎదురు రూముల ఉంటది. ఒకనాడు ఆమె కవర్ మీద కాలు వేసి జారి పడ్డది. మోచెయ్యి గీరుకపోయింది.

"దానమ్మా, నీ మొగని మొఖం జూసి ఇన్ని దినాలు ఊకున్న. వానకాలం లోపట ఈ కవర్లన్న ఆపు, లేకుంటే రూమన్న ఖాళీ జెయ్యి."

ఈ రూము పోతే ఎవరిస్తరు? సీలు మిషన్ మీద పని అంటేనే ఓనర్లు తలుపేసుకుంటరు. జోసఫ్‌ను మంచంతోని సహా యాడ పెట్టాలె, రోడ్డు మీదనా?

గప్పుడు ఉపాయం చెప్పింది పరంధామయ్య సేటు. కిరాణం దుకాణం ఆయనది. దుకాణం ముంగట తాడుకు వేలాడేసి అమ్మేది గూడ గవే కవర్లు, అది వేరే ముచ్చట. ఆయన చెప్పిందాంట్ల తెలివి ఉన్నది. కవర్లు రోడ్డు మీద వచ్చేది ఒకటీ అర. మిగతావన్నీ నాలాలకెళ్లే వస్తయి. ఎక్కడెక్కడ పారేసినా వాన నీళ్లకు నాలాల పడి, కిందికి చెరువు దాంక కొట్టుకపోయి, ఆడికెళ్లి నీళ్లకు ఎదురీదుకుంట పైకి బస్తీకి ఎక్కొస్తయి. బస్తీ కింది బాజు నాలా రోడ్డు కిందికెళ్లి పోతది. ఆ మోరీకి ఇనుప జాలీ వెల్డింగ్ చేయిస్తే నీళ్లు కిందికి పోతయి, కవర్లు పైకి రావు.

బస్తీ అంత చందాలేసుకున్నది. అందరికంటే ముందు దానమ్మే ఇచ్చింది. ఉప్పల్ నుంచి వెల్డింగ్ ఆయన వచ్చి, గట్టి జాలీ బిగించి పోయిండు. వాకిట్ల ఉన్న గుట్టను అందరు కలిసి ట్రాలీల ఎత్తి, మోరీ అవతల నాలాల పారబోసిన్రు.

తెల్లారి దానమ్మ తలుపు తీస్తే గడప సాపుగ ఉన్నది. చీపురు పట్టుకొని గట్లనే నిలబడ్డది. ఏం ఊడ్వాల్నో తెలువలే. జోసఫ్ లోపటి నుంచి "ఏందే, ఏం రాలేదా?" అని అడిగితే ఏడుపొచ్చింది.

ఆ ఎండకాలం దానమ్మ బతుకుల మంచి కాలం. లక్ష్మీనర్సమ్మ చింతచిగురు పప్పు గిన్నెల పోసుకొని తెచ్చి ఇచ్చింది. ఖాళీ చెయ్యాలన్న మాట మల్ల ఎత్తలే. ఆదివారం చర్చికి పోయినప్పుడు దానమ్మ అందరితోని సమానంగ ముందు వరుసల కూసున్నది.

కవర్లు మాత్రం యాడికి పోతయి? మోరీ అవతల జాలీకి మూతులానించి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, నూక్కుంట నిలబడ్డయి. దానమ్మ పొద్దుగాల మోరీ మీదికెళ్లి డ్యూటీకి నడుస్తుంటే, కింద కవర్లన్నీ జాలీ ఇడ్సిపెట్టి కంపెనీ దిక్కు మళ్లుతయి. సాయంత్రం ఆమె ఇంటికి రాంగనే మల్ల వచ్చి జాలీకి ఒత్తుకుంటయి. అందుకే పగలు నాలా పారేది, పొద్దూకినంక ఆగేది. నల్లా టైం తెలిసినట్టే బస్తీల అందరికి ఆ టైం గూడ తెలుసు. సాయంత్రం నాలా ఆగి కంపు కొడితే, "దానమ్మ వచ్చినట్టుంది" అనుకునేది. ఎండకాలం నాలాల నీళ్లెన్ని ఉంటయి గనుక. ఎవరు ఫికర్ చెయ్యలే.

శ్రావణంల ఒక శనివారం సాయంత్రం వాన పట్టుకున్నది. రాత్రంత ఇడ్వలే. తెల్లారితే ఆదివారం, కంపెనీకి సెలవు. దానమ్మ ఇంట్లనే ఉన్నది.

నీళ్లు ముందుగాల గడప దాటినయి. తర్వాత పొయ్యిలకొచ్చినయి. దానమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. నీళ్లు ఇటుకలు మింగినయి. ఇంకో వరుస పెట్టింది. బియ్యం డబ్బా తేలుకుంట వాకిట్లకు పోతుంటే సూసుకుంట నిలబడ్డది, పట్టుకోవాలన్న సోయి గూడ లేదు. బస్తీల అన్నీ రేకుల ఇండ్లే, డాబా ఒక్కటి లేదు. నడిచెటోళ్లు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొని రోడ్డు మీదికి పోతున్నరు. జోసఫ్‌ను ఎత్తాల్నంటే నలుగురు మొగోళ్లు కావాలె, మొగోళ్లందరు మోరీ కాడ ఉన్నరు. గడ్డపారలతోని జాలీని పొడుస్తున్నరు. వెల్డింగ్ చేసినాయన పనిమంతుడు, ఒక్క చువ్వ కదలలే. జాలీ అవతల కవర్లు గోడ లెక్క బిగుసుకున్నయి. యముడు గూడ ఇప్పలేని సీలు.

మంచం నులక తడిసింది. నీళ్లు జోసఫ్ వీపుకు తాకినయి. దానమ్మ ఆయన తలను ఎత్తి పట్టుకున్నది.

అప్పుడు బయట నుంచి పరంధామయ్య కేక ఇనవడ్డది. "దానమ్మను డ్యూటీకి పంపుర్రి!"

"ఇయ్యాల ఆదివారం గద సేటూ" అన్నరు ఎవరో.

"ఏ వారమైతేంది? ఆమె పోతేనే అవి జాలీ ఇడుస్తయి. పంపుర్రి జల్ది!"

దానమ్మ ఇన్నది. ఇన్నా కదలలే. "నేను పోను. నా మొగడు నీళ్లల్ల ఉన్నడు, నేను ఇడ్సిపెట్టి పోను" అని ఎవరూ లేని వాకిట్లకు అరిసింది.

జోసఫ్ ఆమె చెయ్యి పట్టుకున్నడు. ఆయన చెయ్యి చల్లగ ఉన్నది. "నువ్వుంటే నీళ్లుంటయి. పోవే."

"నేను పోయేలోపట నీకేమన్న అయితే?"

"నువ్వు ఈడనే ఉంటే ఖాయంగ అయితది. పో."

లక్ష్మీనర్సమ్మ నడుముల్లోతు నీళ్లల్ల తడుముకుంట లోపటికొచ్చింది. దానమ్మను పక్కకు జరిపి, జోసఫ్ తలను తన చేతులల్లకు తీసుకున్నది. "నేను పట్టుకుంట. నా పాణం పోయినా ఇడ్వను. నువ్వు నడువు."

దానమ్మ నడిచింది. గోడలు పట్టుకుంట, కరెంటు స్తంభాలు పట్టుకుంట నడిచింది. మోరీ మీద మొగోళ్లు తొవ్వ ఇచ్చిన్రు. ఎవరూ ఆమె మొఖం సూడలే. రోడ్డు దాటి కంపెనీ దిక్కు చడావు ఎక్కుడు మొదలువెట్టంగనే, కింద జాలీ కాడ చర్రుమని చప్పుడైంది, గుడ్డ చింపినట్టు. ఆ యెనుకనే నీళ్లు ఉరికిన మోత. బస్తీ దిక్కుకెళ్లి జనం అరుపులు. అవి ఏడుపులో సంబురమో ఆమెకు తెల్వలే. తిరిగి సూద్దమని పాణం కొట్టుకున్నది. ఆగితే అవి గూడ ఆగుతయి. అందుకే ఆగలే, తిరిగి సూడలే. జోసఫ్, జోసఫ్ అనుకుంట ఎక్కింది.

ఉరికిన నీళ్లు గట్టు మీదికి ఎత్తిపడేస్తే, యెనుకనే కవర్లు రోడ్డు మీదికొచ్చినయి. గొర్ల మంద లెక్క ఒకదాన్నొకటి రాసుకుంట, వానల తడుసుకుంట ఆమె యెంట నడిచినయి. ఆటోలు ఆగి తొవ్వ ఇచ్చినయి.

కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ ఉప్పలయ్య గొడుగు పట్టుకొని కూసున్నడు. "ఇయ్యాల సెలవు గదమ్మా" అన్నడు. యెనుక వచ్చేదాన్ని సూసి లేసి నిలబడ్డడు. గేటు మెట్టు మీద జాగ ఇచ్చిండు. దానమ్మ కూసున్నది. కవర్లు వచ్చి ఆమె కాళ్ల కాడ, గోడ పొంటి, గేటు మీదికి ఎక్కి సర్దుకున్నయి. గేటు మీది కంపెనీ పేరు మునిగేదాంక వస్తనే ఉన్నయి.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. లక్ష్మీనర్సమ్మ వచ్చింది, చీర కుచ్చిళ్లు బురదల ఈడుసుకుంట. దానమ్మ లేసి ఎదురువోయింది.

"మంచిగున్నడు. ఉత్తగ వణుకుతున్నడు, అంతే. నా దుప్పటి కప్పిన. చాయ్ తాగిపిచ్చిన" అన్నది లక్ష్మీనర్సమ్మ. "నువ్వు మోరీ దాటంగనే నీళ్లు గుంజినయి పిల్లా. ఒక్క పాణం పోలే. బస్తీ అంత నీ పేరే."

దానమ్మ ఆమె రెండు చేతులు పట్టుకొని కండ్లకు అద్దుకున్నది. "నీ రుణం ఎట్ల తీర్సాలె అక్కా. నడువు, పోదం."

లక్ష్మీనర్సమ్మ కదలలే. మబ్బు జూసింది. కవర్ల గుట్ట జూసింది. పరంధామయ్య దుకాణంల పప్పులు తడిసినయన్నది, ఎవరో లారీల తిండి తెచ్చి పంచుతున్నరన్నది. ఆడోళ్ల గోస ఆడోళ్లకే తెలుస్తదన్నది.

"సల్లకొచ్చి ముంత దాస్తవెందుకక్కా?" అన్నది దానమ్మ. "చెప్పు."

"ఇంకా వానలున్నయంట." లక్ష్మీనర్సమ్మ నేల సూసుకుంట చెప్పింది. "జాలీ కోద్దమంటే, మల్ల అవన్నీ లోపటికొస్తయని భయం. నువ్వు ఈ పక్కనే యాడన్న ఉంటే, అవి గూడ ఈడనే ఉంటయి. బస్తీ వాళ్లందరు అనుకున్నరు. నా ఒక్కదాని మాట గాదు. జోసఫ్‌కు రూము ఉంటది, కిరాయి మాట నేనెత్తను. బువ్వ మేం వెడ్తం, ఒళ్లు మేం తుడుస్తం. నా పాణం మీద ఒట్టు."

"నేను ఇంటికి రావొద్దంటరు."

"ఎండకాలంల రా. నీళ్లుండయి అప్పుడు."

"జోసఫ్ ఏమన్నడు?"

"గోడ దిక్కు మళ్లి పండుకున్నడు."

అరిసే కోపం రాలే దానమ్మకు. వస్తే బాగుండు. పొద్దుగాల తన మొగని తల మునగకుండ పట్టుకున్న చేతులు అవే. ఆ చేతులే ఇప్పుడు ఆమెను బయట నిలబెట్టినయి. ఏ చేతిని తిట్టాలె?

"మందులు బువ్వ తిన్నంకనే వెయ్యాలె" అన్నది ఆఖరికి. "రాత్రి ఒకపారి పక్కకు తిప్పాలె, లేకుంటే వీపు పుండు పడ్తది."

"తిప్పుత" అన్నది లక్ష్మీనర్సమ్మ. కొంగు కింది నుంచి ఏదో తీసి ఆమె చేతుల పెట్టి, కండ్లు తుడుసుకుంట చడావు దిగి పోయింది.

అది కవర్. లారీ వాళ్లు పంచింది. రాజ్మా. దానమ్మ తిప్పి సూసింది. మూలకు జొన్నగింజంత చుక్క.

పొద్దటికెళ్లి ఏం తినలే. జోసఫ్ చింపినట్టే పండ్లతోని చింపింది. సీలు గట్టిగనే పట్టింది, ఒక్కపారికి ఊడలే. సల్లటి రాజ్మా ఏలుతోని గీకి గీకి తిన్నది. ఉప్పు సరిపోయింది. ఇన్నేండ్లల్ల తను సీలేసిన కవర్‌ను తను తిన్నది అదే మొదలు. ఇంట్ల ఎప్పుడూ జోసఫ్‌కే దాసిపెట్టేది.

ఖాళీ కవర్‌ను పక్కన మెట్టు మీద పెట్టింది. అది కదలలే. అది ఇంటికి చేరింది మరి, ఇంక యాడికి పోవాలె.

అప్పుడు ఏడ్సింది దానమ్మ. బస్తీ దిక్కు మొఖం పెట్టి, మొగని పేరు వెట్టి, నోరిడ్సి ఏడ్సింది. ఉప్పలయ్య ఇనుకుంట అటు మళ్లి కూసున్నడు. హబ్సిగూడల బత్తీలు వెలిగినయి. ఎవరెవరో రాత్రి బువ్వ మీదికి కవర్లు చింపుకుంటున్నట్టున్నరు. కొంచెం సేపటికి చడావు కింద మల్ల రెండు మూడు కవర్లు కనవడ్డయి, మెల్లగ పైకెక్కి వస్తున్నయి.

దానమ్మ కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "అన్నా, చీపురు ఏమన్న ఉన్నదా?" అని ఉప్పలయ్యను అడిగింది.